చేతి గేముల గురించి జపనీస్‌లో మాట్లాడుకుందాం

(జపనీస్ నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. జపనీస్ మాటలను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాం.)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది జపనీస్ భాషా పరీక్షలో ఎన్5 స్థాయి రాసేశారు, కొందరు దాని పై స్థాయి ఎన్4కి చదువుతున్నారు. స్టేషన్‌కి దారి అడగడం, హోటల్లో ఆర్డర్ చెప్పడం, వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడటం పుస్తకంలో వచ్చేశాయి. రేపు జపాన్‌లో ఉద్యోగంలో చేరి, పక్క సీటాయనతో కలిసి భోజనానికి కూర్చుంటే ఆ వాతావరణం కబుర్లు రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత ఏం మాట్లాడాలి? నన్నడిగితే, చేతిలో పట్టుకుని ఆడే గేముల గురించి మాట్లాడండి అంటాను. అక్కడ ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్ళు నింటెండో కంపెనీ చేతి గేమ్ మెషిన్ గేమ్‌బాయ్‌తో పెరిగారు. వాళ్ళకంటే చిన్నవాళ్ళకు నింటెండో డీఎస్, సోనీ పీఎస్పీ. ఇప్పటి పిల్లలకు నింటెండో స్విచ్. ఏ వయసువాళ్ళను కదిపినా ఏదో ఒక జ్ఞాపకం బయటికొస్తుంది.

ఇందులో నామవాచకాలు మిమ్మల్ని పెద్దగా కష్టపెట్టవు. 'గేము', 'సేబు', 'సొఫుతొ', 'కసెత్తొ' అన్నీ ఇంగ్లిష్ మాటలే, జపనీస్ నోట్లో పడి కాస్త సాగాయి, అంతే. శ్రద్ధ పెట్టాల్సింది క్రియల మీద. అక్కడ నా పట్టుదల ఒకటుంది: ఇంగ్లిష్ మీదుగా వెళ్ళకండి. జపనీస్ క్రియను ఇంగ్లిష్‌లోకి మార్చి, దాన్ని మళ్ళీ బుర్రలో తెలుగులోకి మార్చుకోవడం వల్ల మన విద్యార్థులు అనవసరంగా అవస్థ పడుతున్నారు. తెలుగు క్రియ నుంచి జపనీస్ క్రియకు నేరుగా దారి ఉంది. ఈ గంటలో ఆ దారి చూపిద్దామనే నా ప్రయత్నం.

ముందు పేరు సంగతి చూద్దాం. చేతిలో పట్టే గేమ్ మెషిన్‌ను 'కేతై గేముకి' అంటారు. చివరున్న 'కి' మన విభక్తి 'కి' కాదు, యంత్రం అని అర్థం. బట్టలుతికే మెషిన్ 'సెన్‌తకుకి', వాక్యూమ్ క్లీనర్ 'సోజికి', అదే వరసలో ఇది 'గేముకి'. 'కేతై' అంటే వెంట తీసుకెళ్ళడం. కానీ ఆ మాటను ఒంటరిగా వాడితే జపాన్‌లో ఎవరికైనా మొబైల్ ఫోనే గుర్తొస్తుంది. అందుకే మీరు 'కేతై గేము' అని ఆపేస్తే ఫోన్‌లో ఆడే ఆట అనుకుంటారు. చివరి 'కి' వదలకండి. టీవీకి తగిలించి ఆడే పెద్ద మెషిన్‌ను 'సుయెఒకికి' అంటారు, అంటే ఒకచోట స్థిరంగా పెట్టేది. 2017 మార్చిలో వచ్చిన స్విచ్ ఈ రెంటి మధ్య గోడ తీసేసింది. దాన్ని టీవీ దగ్గరి నుంచి తీసి చేతిలో పట్టుకుంటే 'కేతై మోదొ', బల్ల మీద నిలబెడితే 'తేబురు మోదొ'.

మామూలు మాటల్లో ఇంత పొడుగు పేరు ఎవరూ వాడరు. 'సుయిచ్చి మొత్తెరు?' అని అడుగుతారు, స్విచ్ ఉందా అని. పెద్దవయసు వాళ్ళయితే ఏ గేమ్ మెషిన్ కనబడినా 'ఫమికొన్' అనేస్తారు. ఫమికొన్ 1983లో నింటెండో తెచ్చిన టీవీ గేమ్ పేరు. మన ఇళ్ళలో ఏ కంపెనీ వనస్పతి తెచ్చినా డాల్డాయే అయినట్టు, అక్కడి అమ్మమ్మలకు పిల్లల చేతిలో ఉన్నదల్లా ఫమికొనే.

ఈ పొట్టి పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఇది తెలుగువాళ్ళకే దక్కిన సౌకర్యం. 'ఫమిరీ కొన్‌ప్యూత' ఫమికొన్ అయింది. ప్లేస్టేషన్ 'పురెసుతె'. డ్రాగన్ క్వెస్ట్ 'దొరకుఎ'. పాకెట్ మాన్‌స్టర్స్ 'పొకెమొన్'. మాన్‌స్టర్ హంటర్ 'మొన్‌హన్'. ఏ లెక్కన కోశారు వీటిని? స్కూల్లో గురులఘువులు గుర్తించారు కదా, ఇప్పుడు గుర్తించండి. ఫ-మి-కొన్: లఘువు, లఘువు, గురువు. నాలుగు మాత్రలు. పు-రె-సు-తె: నాలుగు లఘువులు, నాలుగు మాత్రలు. మొన్-హన్: రెండు గురువులు, మళ్ళీ నాలుగే. జపనీస్ చెవి అక్షరాలను మాత్రల్లో కొలుస్తుంది, దీర్ఘం రెండు మాత్రలు, పొల్లు హల్లుకు ఒక మాత్ర. నాలుగు మాత్రలు వాళ్ళకు బాగా అచ్చొచ్చిన కొలత. ఎ-ఏ, ఒ-ఓ తేడాలు లిపిలోనే ఉన్న భాష మనది, ఒత్తక్షరం పలకడం మనకు పుట్టుకతో వచ్చింది. 'కసెత్తొ'లో 'త్తొ' దగ్గర ఇంగ్లిష్ వాళ్ళు తడబడతారు. 'అత్త' అనగలిగినవాళ్ళకు అందులో ఇబ్బందేముంది?

ఇక మెషిన్ ఆన్ చేద్దాం. 'సుయిచ్చి ఒ ఇరెరు' అంటే స్విచ్ వేయడం. 'సుయిచ్చి గ హైరు' అంటే స్విచ్ పడటం. రెండు క్రియలు వేరు. మొదటిది మనం చేసే పని, రెండోది దానంతట జరిగే పని. ఇంగ్లిష్ పుస్తకాలు ఈ జంటల కోసం పెద్ద పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటాయి. తెలుగులో మనం పొద్దున లేచింది మొదలు ఈ జంటలే వాడతాం: ఆరు-ఆర్పు, తెగు-తెంచు, నిండు-నింపు, విరుగు-విరుచు, దిగు-దించు. జపనీస్‌లో ఆరడం 'కియెరు', ఆర్పడం 'కెసు'. తెగడం 'కిరెరు', తెంచడం 'కిరు'. పాడవడం 'కొవరెరు', పాడుచెయ్యడం 'కొవసు'. చేతిలోంచి మెషిన్ జారి కిందపడి తెర పగిలిందనుకోండి, పిల్లాడు వచ్చి 'కొవరెత' అంటాడు, పాడైపోయిందని. 'కొవషిత' అనడు, పాడుచేశానని ఒప్పుకున్నట్టవుతుంది. మన పిల్లలు గ్లాసు పగలగొట్టి "పగిలిపోయిందమ్మా" అంటారే, అచ్చం అదే వ్యాకరణం.

'కిరెరు' అన్న క్రియను ఇంకొంచెం చూడండి. బ్యాటరీ అయిపోతే 'దెన్‌చి గ కిరెత' అంటారు. చేతిలో ఉన్నది తెగిపోయినా, నిల్వ ఉన్నది అయిపోయినా, పాల ప్యాకెట్టు తేదీ దాటిపోయినా ఈ ఒక్క క్రియే. గేమ్‌బాయ్ వాడినవాళ్ళకు ఈ వాక్యం గుండెల్లో ఉంటుంది. 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్లకు వచ్చింది ఆ మెషిన్. తెరకు ఎడమ పక్కన చిన్న ఎర్ర దీపం ఉండేది. బ్యాటరీ తగ్గేకొద్దీ ఆ ఎరుపు వెలిసిపోతూ వచ్చేది, ఆట ఎక్కడుందో సేవ్ చేసుకునే లోపు తెర కూడా వెలిసిపోయేది.

దానికి నాలుగు బ్యాటరీలు కావాలి. మనం డబుల్ ఏ అనే సైజును వాళ్ళు 'తన్ సన్' అంటారు, మూడో నంబరు అన్నమాట. ట్రిపుల్ ఏ అయితే 'తన్ యొన్', నాలుగో నంబరు. 1996లో వచ్చిన గేమ్‌బాయ్ పాకెట్‌కు ఆ నాలుగో నంబరువి రెండు చాలు. ఇది పనికొచ్చే సంగతి, రాసుకోండి. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయి షాపుకు వెళ్ళినా ఇదే అడగాలి: 'తన్ సన్, యొన్‌హొన్ కుదసై'. పొడుగ్గా ఉండే వస్తువులను లెక్కపెట్టే మాట 'హొన్', సంఖ్యను బట్టి 'ఇప్పొన్, నిహొన్, సన్‌బొన్, యొన్‌హొన్' అని మారుతుంది. మెషిన్‌ను మాత్రం 'దై'తో లెక్కపెడతారు, 'ఇచిదై, నిదై'. గేమ్ సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ 'హొన్'తోనే, 'సొఫుతొ సన్‌బొన్' అంటే మూడు గేములు. ఇవాళ డౌన్‌లోడ్ చేసుకునే గేముకు పొడుగూ లేదు, వెడల్పూ లేదు, అయినా లెక్క 'ఇప్పొన్, నిహొన్' అనే సాగుతోంది.

చేతి గేముల వెనక ఉన్న మనిషి పేరు ఒకటి తెలిసుండాలి: యొకొయి గున్‌పేయి. క్యోటోలో నింటెండో ఫ్యాక్టరీలో మెషిన్ల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరాడు. షిన్‌కన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి కాలక్షేపానికి కాలిక్యులేటర్ మీటలు నొక్కుతుంటే చూసి గేమ్ అండ్ వాచ్ అనే చిన్న చేతి గేము ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్న కథనం. 1980లో అది వచ్చింది. 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ మీద ప్లస్ గుర్తు ఆకారంలో ఒక మీట పెట్టారు, దాన్ని 'జూజి కీ' అంటారు. 'జూ' అంటే పది, పదిని రాసే గుర్తు ప్లస్ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. అప్పటికే చవగ్గా దొరుకుతున్న కాలిక్యులేటర్ తెరలనే ఆయన ఆటకు వాడాడు. ఈ పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు 'కరెత గిజుత్సు నొ సుయ్‌హే షికో'. 'కరెత' అంటే ఎండిన, ఆరిన. కొత్తదనపు తడి ఆరిపోయి, లోపాలన్నీ తెలిసి, చవకైన సాంకేతికతను పక్కకు తిప్పి వేరే పనికి వాడటం. మనం 'ఆరితేరిన' అంటాం చూడండి, అందులోనూ ఆరడం వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఈ మాటకు ఎండిపోయిన, వాడిపోయిన అనే అర్థం రాసి పారేస్తారు, దాంతో అది తిట్టులా వినిపిస్తుంది. తెలుగులో చదివితే అందులోని మర్యాద తెలుస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తున్నాను. పక్క సీటాయన స్విచ్ తీసి ఏదో ఆడుతున్నాడు, మీకూ ఆడాలనిపించింది. 'చొత్తొ యత్తె మితె మొ ఈ దెసు క?' అనండి. ముక్కలు చేసి చూడండి. 'యత్తె' అంటే చేసి. 'మిరు' అంటే చూడు, దాని రూపం 'మితె'. 'మితె మొ' అంటే చూసినా. 'ఈ దెసు క' అంటే ఫర్వాలేదా అండీ. కలిపితే: "కొంచెం చేసి చూసినా ఫర్వాలేదా అండీ?" ఒక్క ముక్క కూడా జరపక్కర్లేదు. ప్రయత్నించడాన్ని 'చూడటం'గా చెప్పే అలవాటు ఇద్దరికీ ఉంది. తిని చూడు, అడిగి చూడు, ఆడి చూడు. ఇదే వాక్యాన్ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటే 'చూడు' మాయమవుతుంది.

అలాగే 'ఒకు' అంటే పెట్టు, ఉంచు. ప్రయాణానికి ముందు రోజు రాత్రి 'జూదెన్ షితె ఒకు' అంటారు, చార్జింగ్ చేసి ఉంచుతాను అని. 'షిమౌ' అనే క్రియ మన 'పోవు'కు దగ్గర. డేటా పోయిందంటే పుస్తకభాషలో 'దేత గ కియెతె షిమత్త', ఇంట్లో 'దేత కియెచత్త'. చెరిగిపోయింది. 'కియెత' అంటే చెరిగింది, అంతే. 'కియెచత్త' అంటే చెరిగిపోయింది, అయ్యో కూడా అందులోనే ఉంది. కడుపుమంటంతా ఒక్క 'పోయింది'లో పెట్టగలిగిన భాష మనది. ఈ రూపానికి వ్యాకరణం పుస్తకంలో అరపేజీ ఇంగ్లిష్ వివరణ చదివి తల పట్టుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, సగం హాల్ చేతులెత్తింది.

కానీ ఈ వంతెన ఒకచోట తెగుతుంది, అది కూడా చెప్పాలి. తమ్ముడు మీ గేములో కొత్త ఆట మొదలుపెట్టి మీ పాత సేవ్ మీద రాసేశాడనుకోండి. తెలుగులో "తమ్ముడు నా డేటా చెరిపేశాడు" అంటాం, తమ్ముడే కర్త. జపనీస్ పిల్లాడు తన్నే కర్తగా పెట్టుకుంటాడు: 'ఒతోతొ ని దేత ఒ కెసరెత'. తమ్ముడి చేత డేటా చెరిపివేతకు నేను గురయ్యాను అన్నట్టు. అమ్మ గేమ్ లాక్కుంటే 'ఒకాసన్ ని గేము ఒ తొరిఅగెరరెత'. మనకు 'చెరపబడింది' అని పుస్తకంలో ఉంది గానీ ఎవరూ అలా మాట్లాడరు. పైగా అది డేటా గురించి చెప్తుందే తప్ప బాధ పడ్డవాడి గురించి చెప్పదు. జపనీస్‌లో ఆ రూపం నష్టం ఎవరికి జరిగిందో చెప్పడానికే ఉంది. ఇక్కడ తెలుగు మీద ఆనుకోకండి. తమ్ముడు, అమ్మ, వర్షం, దొంగ, ఒక్కొక్కరిని పెట్టి పది వాక్యాలు పైకి చదవండి, నోటికి పట్టేదాకా.

చేతి గేములు ఒంటరి ఆటలని ఇక్కడ చాలామంది అనుకుంటారు. జపాన్‌లో వాటి చరిత్ర అందుకు వ్యతిరేకం. 'త్సూషిన్' అనే మాట పట్టుకోండి, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం. రెండు గేమ్‌బాయ్‌లను కలిపే తీగ 'త్సూషిన్ కేబురు'. వింత జంతువులను పట్టి పోగుచేసే ఆట పొకెమొన్ 1996 ఫిబ్రవరి 27న ఎరుపు, ఆకుపచ్చ రెండు రకాలుగా వచ్చింది. ఎరుపులో దొరికే జంతువులు కొన్ని ఆకుపచ్చలో దొరకవు, అందుకని మార్చుకోక తప్పదు. దాన్ని తయారుచేసిన తజిరి సతొషి టోక్యో శివారు మచిదలో పురుగులు పట్టుకుంటూ పెరిగినవాడు. ఆ తీగను చూసినప్పుడు దాని మీదుగా ఒక పురుగు ఇవతలి మెషిన్ నుంచి అవతలి మెషిన్‌కు పాకుతున్నట్టు ఊహించుకున్నాడట. 'గోసుతొ' అనే పొకెమొన్ ఇంకొకరికి ఇస్తేనే 'గెన్‌గా'గా మారుతుంది. అంటే స్నేహితుడు ఉండాలి, తీగ ఉండాలి, నమ్మకం ఉండాలి, ఎందుకంటే ఇచ్చింది మళ్ళీ తిరిగి రావాలి కదా. 'కోకన్ షియో' అంటే మార్చుకుందాం. 'కయెషితె నె' అంటే తిరిగి ఇచ్చెయ్యి, సరేనా. ఈ రెండు వాక్యాలు ఆ తరం పిల్లల నోట ఎన్నిసార్లు నలిగాయో.

తీగ పోయాక వచ్చింది 'సురెచిగై త్సూషిన్'. 'సురెచిగౌ' అంటే ఇద్దరు ఎదురెదురుగా వచ్చి, పక్కపక్క నుంచి దాటి వెళ్ళిపోవడం. మెషిన్‌ను ఆ పద్ధతిలో పెట్టి సంచీలో వేసుకుని రోడ్డు మీద నడుస్తుంటే చాలు, అలాంటిదే సంచీలో ఉన్న ఇంకో మనిషి దాటి వెళ్ళినప్పుడు రెండు మెషిన్లు వాటంతటవే పలకరించుకుంటాయి. 2009 జులైలో డీఎస్ మీద డ్రాగన్ క్వెస్ట్ తొమ్మిదో భాగం వచ్చినప్పుడు టోక్యోలోని అకిహబర వీధుల్లో జనం ఇందుకోసమే గుమిగూడారు. ఒకరి దగ్గరున్న నిధి మ్యాప్ చేతులు మారుతూ దేశమంతా పాకింది. తర్వాత వచ్చిన త్రీడీఎస్‌లో ఎవరైనా దాటి వెళ్తే మూత మూసి ఉన్నా చిన్న పచ్చ దీపం వెలిగేది. 'కినో వ జూనిన్ తొ సురెచిగత్త', నిన్న పదిమంది ఎదురై దాటి వెళ్ళారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే. త్రీడీఎస్ తయారీ ఆగిపోయింది, స్విచ్‌లో ఆ సదుపాయం అలా లేదు. ముప్ఫైల్లో ఉన్న ఎవరి దగ్గరైనా 'సురెచిగై' అని ఒక్కసారి అనండి, ముఖం వెలుగుతుంది.

పీఎస్పీ వాళ్ళ మాట వేరు. మాన్‌స్టర్ హంటర్ నలుగురు చుట్టూ కూర్చుని ఆడే ఆట, దాని ప్రకటనల్లో వచ్చిన 'హితొకరి ఇకోజె' అనే పిలుపు కాలేజీ కుర్రాళ్ళ నోళ్ళలో నానింది. ఓ వేటేసొద్దాం పదండి అని. 'హితొ' చేర్చి క్రియను ఒక్క విడతగా చెప్పడం జపనీస్‌లో మామూలు, 'హితొయసుమి' అంటే కాసేపు విశ్రాంతి, 'హితొనెమురి' అంటే ఓ కునుకు.

మాట వరసకు ఇంకో రెండు. మెషిన్ చకచకా నడిస్తే 'సకుసకు', కుదుపులు కుదుపులుగా నడిస్తే 'కకుకకు'. మెరిసేది 'పికపిక', ఎలుక అరుపు 'చూ', అందుకే ఆ పసుపు జంతువు 'పికచూ'. కొని ఆడకుండా పేర్చి పెట్టిన గేములు 'త్సుమిగే'. ముందుకూ వెనక్కూ వెళ్ళలేక ఇరుక్కుపోతే 'త్సున్ద' అంటారు, అది షోగి అనే వాళ్ళ చదరంగంలో రాజు కదలలేని స్థితి నుంచి వచ్చింది.

ఇక పాత సామాను కొట్టుకు వెళ్దాం. టోక్యోలో అకిహబర, ఒసాకాలో నిప్పొన్‌బషి, అవి కాకపోయినా ప్రతి ఊళ్ళో సెకండ్‌హ్యాండ్ దుకాణాలు ఉంటాయి. మీకు నేనిచ్చే హోంవర్క్ ఏమిటంటే, అక్కడికి వెళ్ళి ఏమీ కొనకుండా ఒక గంట లేబుళ్ళు చదవండి. చిన్న తెల్ల కాగితం మీద ఆ వస్తువు జాతకం మొత్తం ఉంటుంది. 'హొన్‌తై నొమి' అంటే మెషిన్ ఒక్కటే, చార్జర్ లేదు. 'హకొ, సెత్సుమేషొ త్సుకి' అంటే అట్టపెట్టె, వాడకం పుస్తకం కూడా ఉన్నాయి, ధర పెరుగుతుంది. 'దోస కకునిన్ జుమి' అంటే పనిచేస్తోందని చూశాం. 'జన్‌కు' అంటే పనిచేస్తుందని హామీ లేదు, దాని పక్కనే 'హెన్‌పిన్ ఫుక' ఉంటుంది, వాపసు తీసుకోం. 'ఎకిషో ని కిజు అరి', తెర మీద గీత ఉంది. 'హియకె', ఎండకు ప్లాస్టిక్ పసుపెక్కింది. బీచ్‌కు వెళ్ళి ఒళ్ళు నల్లబడినా ఇదే మాట. 'దెన్‌చి బుత కెప్పిన్', బ్యాటరీ మూత లేదు. వెనక మూత లేని గేమ్‌బాయ్‌లు ఎన్ని ఉంటాయో లెక్కలేదు. 'నైజో దెన్‌చి గిరె', క్యాసెట్ లోపల ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ చచ్చిపోయింది, ఆడొచ్చు గానీ సేవ్ కాదు.

ఈ లేబుళ్ళలో ఒక వ్యాకరణ విషయం దాగుంది. మూత అనే మాట అసలు 'ఫుత', ఇక్కడ 'బుత' అయింది. 'కిరె' 'గిరె' అయింది. 'సుమి' 'జుమి' అయింది. రెండు మాటలు కలిసినప్పుడు రెండో మాట మొదటి అక్షరం మెత్తబడింది. మన సరళాదేశ సంధిలో కచటతపలు గజడదబలు అయ్యాయి కదా, 'పూచెను కలువలు' అన్నది 'పూచెనుఁ గలువలు' అయింది కదా. సూత్రం వేరు, నోటికి కలిగే సుఖం ఒకటే. నిఘంటువులో 'గిరె' దొరక్కపోతే 'కిరె' వెతకండి.

ఆ లేబుళ్ళలో నేను ఎప్పుడూ ఆగిపోయేది ఒకదాని దగ్గర: 'నమయె గకి అరి'. పేరు రాసి ఉంది, అని. అమ్మకానికి అది లోపం, అందుకే ధర తగ్గిస్తారు. క్యాసెట్ వెనక్కి తిప్పితే నల్ల మార్కర్‌తో, వంకరటింకర హిరగన అక్షరాల్లో ఒక పిల్లాడి పేరు ఉంటుంది. ఎవరికైనా అరువిస్తే తిరిగి రావాలని వాళ్ళమ్మ రాయించి ఉంటుంది. 'క్యాసెట్' అన్నాను చూడండి, మన దగ్గర కూడా వీడియో గేమ్ క్యాసెట్ అనే అన్నాం, జపాన్ పిల్లలూ 'కసెత్తొ' అనే అన్నారు. అది పెట్టినా తెర రాకపోతే తీసి నోటితో ఊదడం కూడా ఇద్దరూ చేశారు. మనం ఉఫ్ అన్నాం, వాళ్ళు 'ఫూఫూ' అన్నారు. నోటి తడి తగిలి లోపలి లోహం పాడవుతుందని కంపెనీ వద్దనేది.

అరువు అన్నాం కాబట్టి పిల్లల మాటలు కొన్ని. అక్కడ బాలవాడి నుంచే నేర్పే జంట 'కషితె', 'ఈ యొ'. ఇవ్వవా, సరే తీసుకో. ఇవ్వాలని లేకపోతే 'అతొదె నె', తర్వాత ఇస్తాలే. అమ్మ అన్నానికి పిలిస్తే 'మో చొత్తొ', ఇంకొంచెం. బాగా ఒత్తిడి చేస్తే 'సేబు సురు మదె మత్తె', సేవ్ చేసేదాకా ఆగు. దానికి అమ్మ జవాబు 'ఇత్సుమదె యత్తెరు నొ', ఎంతసేపు చేస్తావది. ఒక్క జాగ్రత్త. మనం క్రికెట్ నుంచి వీణ వరకు అన్నిటికీ ఆడటమో వాయించడమో అంటాం. జపనీస్‌లో గేముకు మామూలు క్రియ 'సురు' లేదా 'యరు', చెయ్యడం. 'అసొబు' వాడాలంటే 'గేము దె అసొబు' అనండి, గేముతో ఆడుకోవడం.

ఎంతసేపు ఆడాలన్నది అక్కడ కూడా ఇంటింటి గొడవే. 1980ల్లో హడ్సన్ అనే గేముల కంపెనీ ఉద్యోగి ఒకాయన, తకహషి మేజిన్ అనే పేరుతో పిల్లలకు హీరో అయ్యాడు. సెకనుకు 16 సార్లు మీట నొక్కగలిగిన వేలు ఆయనది. ఆయనే పిల్లలకు చెప్పిన మాట 'గేము వ ఇచినిచి ఇచిజికన్', ఆట రోజుకు ఒక గంట. షికోకు దీవిలోని కగవ జిల్లా ప్రభుత్వం 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఏకంగా నిబంధనలోకి తెచ్చింది: 18 ఏళ్ళలోపు వాళ్ళకు మామూలు రోజుల్లో 60 నిమిషాలు, సెలవురోజుల్లో 90. శిక్ష ఏమీ లేదు, ఇంట్లో పాటించాల్సిన ప్రమాణం అంతే. అయినా ప్రభుత్వం ఇంట్లోకి వచ్చి గడియారం చూడొచ్చా అని పెద్ద చర్చే నడిచింది. ఆఫీసులో పిల్లలున్నవాళ్ళతో కూర్చుంటే ఇది మంచి సంభాషణ, 'ఒతకు వ నన్‌జికన్ దెసు క', మీ ఇంట్లో ఎన్ని గంటలండీ అని అడగండి.

(సభలో ఒక విద్యార్థిని: సర్, జపాన్‌లో కొత్త స్విచ్ చవగ్గా దొరుకుతుందంటున్నారు. కొని ఇంటికి తెచ్చుకోవచ్చా?)

మంచి ప్రశ్న అమ్మా, సరైన సమయంలో అడిగావు. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 జపాన్‌లో రెండు రకాలు. విడుదలైనప్పుడు 49,980 యెన్లు ఉన్న రకం పెట్టె మీద 'నిహొన్‌గొ, కొకునై సెన్‌యో' అని ఉంటుంది. 'కొకునై' అంటే దేశం లోపల, 'సెన్‌యో' అంటే దానికి మాత్రమే. మెనూ జపనీస్‌లో మాత్రమే వస్తుంది, జపాన్ దేశమని నమోదైన అకౌంట్‌తోనే పనిచేస్తుంది. రెండోది 69,980 యెన్లకు నింటెండో సొంత స్టోర్‌లో పెట్టారు, అది 'తగెన్‌గొ తైయో', పలు భాషలకు సరిపోయేది. పాతవి కొంటే త్రీడీఎస్ దగ్గర కూడా జాగ్రత్త, జపాన్ త్రీడీఎస్‌లో త్రీడీఎస్ గేములు జపాన్‌వే ఆడతాయి. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లకు ఆ అడ్డు లేదు. నువ్వు భాష నేర్చుకునే దానివి కాబట్టి జపనీస్ మెనూ వచ్చే చవక రకం నీకు మేలే అంటాను, అక్కడ ఉన్నన్నాళ్ళూ. ఇంట్లో తమ్ముడికి ఇవ్వాలంటే మాత్రం డబ్బు కట్టే ముందు కౌంటర్లో ఇలా అడుగు: 'కొరె వ తగెన్‌గొ తైయో దెసు క?' వాళ్ళు 'ఇయె, నిహొన్‌గొ నొమి దెసు' అంటే జపనీస్ ఒక్కటే అని అర్థం. 'అ, సో దెసు క' అని పెట్టె మెల్లగా వెనక్కి ఇచ్చేసెయ్యి.